రాజు పంపిన జడ్జి, ఊరి పెద్దింటి అల్లుడు: పాత కాలనీ కోర్టుల్లో చుట్టరికాలు వెతికేది ఎట్ల

మా జేజిది చంద్రగిరి. ఏ పెళ్ళికి పోయినా కొత్త మనిషి కనిపిస్తే పేరు అడగదు, చదువు అడగదు, "మీ అమ్మ పుట్టిల్లు యాడ నాయనా" అని అడుగుతుంది. ఆ ఒక్క జవాబుతో ఆ మనిషి ఎవరికి మేనల్లుడో, ఎవరికి తోడల్లుడో, ఊర్లో భూమి తగాదా వస్తే ఎవరి పక్కన నిలబడతాడో రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. నేను హిస్టరీ ఎమ్మే చేసేటప్పుడు స్పానిష్ అమెరికాలో రాజు కోర్టుల మీద ఒక పేపర్ రాయాల్సి వచ్చి, నెలల తరబడి జడ్జీల పేర్లు, డిగ్రీలు, పోస్టింగులు రాసుకుంటా కూర్చున్నా, ఏమీ తేలలా. ఆఖరికి జేజి ప్రశ్నే దారి చూపించింది. జడ్జి ఎవరు అని అడిగితే కాగితాలు ఏమీ చెప్పవు, జడ్జి భార్య పుట్టిల్లు యాడ అని అడిగితే అన్నీ చెప్తాయి.

ఇప్పుడు తిరుపతిలో నా దగ్గరికి డిసర్టేషన్ చేసే పిల్లలు, సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నోళ్ళు వస్తా ఉంటారు. కాలనీల్లో రాజు పంపిన జడ్జీలకీ అక్కడి పెద్ద కుటుంబాలకీ మధ్య బంధుత్వాలు ఎట్ల పట్టుకోవాలి, పట్టుకున్నాక ఎట్ల రాయాలి అని అడుగుతారు, ప్రతిసారీ నోటితో చెప్పేదే ఈసారి కూర్చొని రాస్తా ఉన్నా. స్పానిష్ రాదని భయపడొద్దు. ఒక యాభై మాటలు వస్తే రికార్డుల్లో పేర్లు, వరసలు, ఊర్లు పట్టుకోవచ్చు, మిగతాదంతా ఓపిక.

ఆర్కైవ్ జోలికి పోకముందు ఇంట్లోనే ఒక ప్రాక్టీస్ చెయ్యండి. మీ అక్కదో, మీ చిన్నాయనదో ఒక పెళ్ళి చదివింపుల నోటు బీరువాలో ఉంటుంది, తియ్యండి. పేరు, ఊరు, ఎంత చదివించినారు, అంతే ఉంటుంది గదా. దాంట్లో ఒక ముప్పై పేర్లు తీసుకొని ఒక్కో పేరు ఎదురుగా వాళ్ళు మనకి ఏమవుతారు, అమ్మ వైపా నాన్న వైపా, చుట్టరికం కాకపోతే మరి ఎందుకు వచ్చినారు, వ్యాపారమా, అప్పా, ఆఫీసు పనా అని రాసుకోండి. మా ఇంటి నోటుతో చేసినప్పుడు పెద్ద మొత్తం చదివించినోళ్ళలో చాలామంది చుట్టాలే కాదు, నాన్నతో పని ఉన్నోళ్ళు. సొంత మేనమామ పేరే లేదు, ఎందుకంటే ఆ ఏడాది మాటల్లేవు. ఒకే పేరు రెండు చోట్ల ఉంది, విచారిస్తే ఒకటి తాత, ఒకటి మనవడు. లీమాలోనో మెక్సికోలోనో మూడొందల ఏళ్ళ కిందటి కాగితం చదివేటప్పుడు మీరు పడబోయే తిప్పలన్నీ ఈ నోటులోనే ఉంటాయి, ఇంట్లో అయితే అడిగేదానికి అమ్మ ఉంటుంది, అక్కడ ఎవరూ ఉండరు, అంతే తేడా.

సరే, ఇంక కోర్టు దగ్గరికి వద్దాం. స్పెయిన్ రాజు అమెరికాలో పెట్టిన పెద్ద కోర్టు పేరు ఔదియెన్సియా. మొదటిది 1511లో సాంటో డొమింగోలో, తర్వాత 1527లో మెక్సికో, 1543లో పెరూలో లీమా, 1563లో కీటో, మన ఆసియా వైపు ఫిలిప్పీన్స్‌లో 1583లో మనీలా. దాంట్లో సివిల్ జడ్జిని ఓయిదోర్ అంటారు, అంటే వినేవాడు అని అర్థం. రాజు తరఫు లాయరు ఫిస్కల్. మెక్సికో, లీమా లాంటి పెద్ద కోర్టుల్లో ఎనిమిది మంది ఓయిదోర్లు, క్రిమినల్ కేసులకి నలుగురు, ఇద్దరు ఫిస్కల్‌లు ఉండేవాళ్ళు, చిన్న కోర్టుల్లో అయితే మొత్తం నలుగురైదుగురే. ఈ కొద్దిమంది తీర్పులు చెప్పడమే కాదు, వైస్రాయ్‌కి సలహా ఇచ్చేది వీళ్ళే, వైస్రాయ్ చచ్చిపోతే కొత్తాయన వచ్చేదాకా పరిపాలన చేసేదీ వీళ్ళే. మన లెక్కలో హైకోర్టూ సెక్రటేరియట్టూ ఒకే గదిలో ఉన్నట్టు. గనులు ఉన్నోడికి, వేల ఎకరాల ఎస్టేటు ఉన్నోడికి, పెద్ద వర్తకుడికి ఆ గదిలో ఒక అల్లుడు ఉంటే ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఆ సంగతి రాజుకీ తెలుసు. అందుకే 1575లో రెండో ఫిలిప్ గట్టి ఆర్డర్ వేసినాడు, వైస్రాయ్‌లు, జడ్జీలు, ఫిస్కల్‌లు తాము పనిచేసే జిల్లాలో పెళ్ళి చేసుకోకూడదు, వాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ కూడా చేసుకోకూడదు, రాజు లైసెన్సు లేకుండా చేసుకుంటే ఉద్యోగం ఊడుతుంది. పెళ్ళితో ఆపలేదు. అక్కడ ఇల్లూ పొలమూ కొనకూడదు, వ్యాపారం చెయ్యకూడదు, ఊరోళ్ళ పిల్లలకి జ్ఞానస్నానంలో గాడ్‌ఫాదర్‌గా నిలబడకూడదు, పెళ్ళిళ్ళకీ చావులకీ కూడా పోకూడదు. ఇవన్నీ 1681లో అచ్చయిన ఇండీస్ చట్టాల సంపుటిలోకి ఎక్కినాయి, ఇండీస్ అంటే స్పెయిన్ కింద ఉన్న అమెరికా, ఫిలిప్పీన్స్. రాజు ఉద్దేశం ఏందంటే జడ్జి ఆ ఊర్లో ఒంటరిగా ఉండాలి, ఎవరికీ ఏమీ కాకుండా ఉండాలి. సముద్రం అవతల, ఉత్తరం పోయి జవాబు రావడానికి నెలలు పట్టే చోట, ఇరవై ముప్పై ఏళ్ళు ఒక మనిషి ఎవరికీ ఏమీ కాకుండా బతకాలంట. ఇది జరిగే పని కాదు, జరగలేదు కూడా.

ఇక్కడ మీకు మొదటి కిటుకు. ఎక్కడ నిషేధం ఉంటుందో అక్కడ మినహాయింపు అర్జీ ఉంటుంది. చట్టం లేని చోట జడ్జి పెళ్ళి చర్చి పుస్తకంలో ఒక్క లైనుగా పోయేది. చట్టం ఉండబట్టి జడ్జి రాజుకి రాసుకోవాలి, ఆ అర్జీలో పిల్ల ఎవరు, తండ్రి ఎవరు అని చెప్పాలి, స్పెయిన్‌లో కాలనీల పని చూసే ఇండీస్ కౌన్సిల్ దాని మీద నోట్ రాయాలి, డబ్బు కట్టించుకొని లైసెన్సు ఇయ్యాలి. కాబట్టి మొదట వెతకాల్సింది పెళ్ళి రిజిస్టర్ కాదు, పెళ్ళి లైసెన్సు. హువాన్ దె సోలోర్సానో పెరెయ్‌రా అని స్పానిష్ వలస చట్టం మీద 17వ శతాబ్దంలో అందరికంటే పెద్ద పండితుడు, ఈ పెళ్ళి నిషేధం గురించి కూడా వివరంగా రాసినాయన, 1610 నుంచి 1627 దాకా లీమా కోర్టులో ఓయిదోర్. ఆయనే పెరూలో ఉండగా క్లారా పానియాగ్వా దె లోఐసా అనే పెద్దింటి పిల్లని చేసుకున్నాడు, ఆమె తండ్రి కుస్కోలో కొర్రెహిదోర్‌గా, అంటే జిల్లా అధికారిగా పనిచేసినోడు. చట్టం అంత బాగా తెలిసినాయనే ఆ దారిలో నడిచినాడంటే మిగతావాళ్ళ సంగతి చెప్పాల్సిన పనిలేదు. దీన్ని చూసి ఆయన అవినీతిపరుడు అని రాసేయొద్దు, ఆ తొందర గురించి కింద చెప్తా.

రెండోది, కాలం కోసుకోండి. "కాలనీ కాలంలో జడ్జీల బంధుత్వాలు" అని టాపిక్ పెట్టుకుంటే మునిగిపోతారు, మూడొందల ఏళ్ళు అది. ఒక్క కోర్టు, ఇరవై ముప్పై ఏళ్ళు, చాలు. కోసేటప్పుడు ఎక్కడ కొయ్యాలో కూడా చూడండి. 1687 నుంచి 1750 దాకా స్పెయిన్ రాజులు యుద్ధాల ఖర్చుకి డబ్బుల్లేక జడ్జి పోస్టుల్నే అమ్మినారు. ముందు కూడా చిన్న పోస్టులు అమ్మేవాళ్ళు గానీ తీర్పు చెప్పే కుర్చీని రెగ్యులర్‌గా అమ్మడం అప్పుడే. కొన్నోళ్ళలో చాలామంది క్రియోల్‌లు, అంటే స్పానిష్ వంశమే గానీ అమెరికాలో పుట్టినోళ్ళు. పోస్టుతో పాటే సొంత ఊర్లో పనిచేసే పర్మిషన్, లోకల్ పిల్లని చేసుకునే పర్మిషన్, ఆస్తి ఉంచుకునే పర్మిషన్ కూడా డబ్బు కట్టి తెచ్చుకునేవాళ్ళు. అట్లా 1760ల నాటికి మెక్సికో, లీమా, చిలీ కోర్టుల్లో అమెరికాలో పుట్టినోళ్ళదే మెజారిటీ. 1750 తర్వాత అమ్మకం ఆగింది, 1776లో హోసె దె గాల్వెస్ ఇండీస్ మంత్రి అయినాక స్పెయిన్ నుంచి కొత్తోళ్ళని దింపడం, ప్రతి కోర్టు మీదా రీజెంట్ అని ఒక పెద్దని కూర్చోబెట్టడం మొదలైంది. ఒకే రకం పెళ్ళి 1620లో అయితే నిషేధం దాటడం, 1720లో అయితే కొనుక్కున్న హక్కు, 1780లో అయితే అనుమానం. తేదీ లేకుండా గీసిన వంశవృక్షం గోడకి తగిలించుకునేదానికే పనికొస్తుంది.

ఇంక జడ్జికి ఒక కార్డు పెట్టుకోండి, ఎక్సెల్ అయినా సరే, అట్టముక్క అయినా సరే, నేనైతే ఇప్పటికీ అట్టముక్కలే వాడతా. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, చదివింది సలమాంకా లాంటి స్పెయిన్ కాలేజీలోనా లేకపోతే 1551లో పెట్టిన లీమా సాన్ మార్కోస్‌లోనా, ఏ ఏడాది ఏ కోర్టు, ఎంత కట్టి వచ్చినాడు, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్. దీనికి బాగా పనికొచ్చేది జడ్జీలు ప్రమోషన్ కోసం తమ గురించి తాము రాసుకున్న సర్వీస్ వివరాలు, రెలాసియోన్ దె మెరితోస్ అంటారు. గొప్పలు ఉంటాయి, కానీ తేదీలు దొరుకుతాయి. కొందరు సాంతియాగో, కలత్రావా లాంటి గౌరవ సంఘాల్లో చేరినారు, చేరాలంటే వంశం శుద్ధమని నిరూపించాలి, అందుకని తాతముత్తాతల గురించి ఊర్లకి పోయి సాక్షుల్ని అడిగి రాసిన ఫైళ్ళు ఉన్నాయి. అవి దొరికినాయంటే పండగే.

చదివేటప్పుడు రెండు మాటలు తారుమారు చేసుకోవద్దు. నాతురాల్ అంటే ఆ ఊర్లో పుట్టినోడు. వెసినో అంటే ఆ ఊర్లో కాపురం ఉండేవాడు. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో "గ్రామ కాపురస్తులు" అని రాస్తారు చూడండి, అదే వెసినో. మామగారు "లీమా వెసినో" అని ఉంటే ఆయన లీమాలో పుట్టినోడని కాదు, స్పెయిన్‌లో సెవిల్లాలో పుట్టి వ్యాపారానికి వచ్చి స్థిరపడినోడు కావచ్చు. ఈ ఒక్కటి సరిగా చూడక "స్పానిష్ జడ్జి, క్రియోల్ మామ" అని రాసిన పేపర్లు ఎన్నో చూసినా.

ఇప్పుడు అసలు పని, భార్య వైపు. జడ్జి కార్డు పక్కనే అంతే పెద్ద కార్డు ఆమెకి పెట్టండి, ఆమె పేరు జడ్జి కార్డులో ఒక లైనుగా రాసేసి సరిపెట్టొద్దు. ఆమె తండ్రి, తల్లి, తల్లి పుట్టిల్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళని ఎవరికిచ్చినారు, ఇంతకు ముందు పెళ్ళయిందా. ఈ ఆఖరుది మర్చిపోవద్దు, ఎస్టేటూ గనీ తన చేతిలో ఉన్న విధవరాలిని చేసుకుంటే జడ్జికి మొదటి భర్త కేసులు, అప్పులు, పిల్లలు అన్నీ వస్తాయి. అక్కచెల్లెళ్ళ భర్తలు, అంటే మన జడ్జికి తోడల్లుళ్ళు, వాళ్ళు ఇంకా ముఖ్యం. మామగారి పేరు అందరికీ తెలుసు కాబట్టి ఆయన కేసు వస్తే జడ్జి తప్పుకుంటాడు, తోడల్లుడి పార్ట్‌నర్ కేసు వస్తే ఎవరికి తెలుస్తుంది?

ఇంటిపేర్ల దగ్గర మనోళ్ళు బోల్తా పడేది ఖాయం, నేనూ పడినా. మనకి ఇంటిపేరు ముందర ఉంటుంది, అన్నదమ్ములందరికీ ఒకటే ఉంటుంది, ఆడపిల్ల పెళ్ళయితే మారుతుంది. స్పానిష్ వాళ్ళకి ఈ మూడూ తిరగబడతాయి. పెళ్ళయినా ఆమె పుట్టింటి పేరు అట్లాగే ఉంటుంది, అది మనకి వరం. కానీ 17వ శతాబ్దంలో ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన అన్నకి నాన్న పేరు, తమ్ముడికి అమ్మ పేరు, చెల్లెలికి జేజి పేరు ఉండొచ్చు, ఆస్తి ఎవరి వైపు నుంచి వస్తే ఆ పేరు పెట్టుకోవడం మామూలే. పేరు కలిసినంత మాత్రాన చుట్టం కాదు, కలవనంత మాత్రాన కాకుండా పోడు. నేను ఒకసారి తండ్రినీ కొడుకునీ ఒకే మనిషి అనుకొని సెమినార్‌లో చదివేసినా, ఆయన దాదాపు నూరేళ్ళు జడ్జిగా ఉన్నట్టు వచ్చింది నా లెక్కలో, ఒక మేడం గారు నిదానంగా ఆ రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూపించినారు. అప్పటి నుంచీ సంతకం ఫోటో లేకుండా ఏ ఇద్దరినీ ఒకటి చెయ్యను. మీరూ చెయ్యొద్దు.

పెళ్ళి తర్వాత జ్ఞానస్నానం పుస్తకాలు. 1545 నుంచి 1563 దాకా జరిగిన ట్రెంట్ సభ తర్వాత ప్రతి చర్చిలో పెళ్ళిళ్ళూ జ్ఞానస్నానాలూ పుస్తకంలో రాయడం తప్పనిసరి అయింది, బిడ్డకి ఒక మగ, ఒక ఆడ, అంతకు మించి గాడ్‌పేరెంట్లు ఉండకూడదన్నారు. మనకి ఈ వరస లేదు, కాబట్టి దీని బరువు మనకి తట్టదు. బిడ్డకీ గాడ్‌ఫాదర్‌కీ మధ్య బంధం ఒకటయితే, బిడ్డ తండ్రికీ గాడ్‌ఫాదర్‌కీ మధ్య బంధం ఇంకోటి, వాళ్ళిద్దరూ ఒకరికొకరు కంపాద్రె. మనలో దగ్గరగా చెప్పాలంటే వియ్యంకుడి వరస లాంటిది, పిల్లల మీదుగా పెద్దోళ్ళు కట్టుకునే బంధం. అది ఎంత నిజమైన చుట్టరికమంటే గాడ్‌ఫాదర్ ఆ బిడ్డని గానీ బిడ్డ తల్లిని గానీ పెళ్ళాడకూడదని చర్చి నిషేధం. జడ్జి పిల్లలందరి జ్ఞానస్నానాలూ వరసగా తీసి, ఎవరు నిలబడినారో ఒక కాగితం మీద రాయండి. మొదటి ఇద్దరు బిడ్డలకి తోటి జడ్జీలు, మూడో బిడ్డ నుంచి వర్తకులు, గనుల ఓనర్లు మొదలైనారంటే ఈయన ఊర్లో వేరు దిగుతా ఉన్నాడని. వాళ్ళకి దానికో మాట కూడా ఉంది, రాదికాదో, వేరు పట్టినోడు.

చుట్టాల మధ్య పెళ్ళి సంగతి కూడా చూడండి. మనకి మేనరికం అంటే ఇష్టంగా చేసుకునేది, వాళ్ళ చర్చికి నాలుగో తరం దాకా నిషేధం, కావాలంటే డిస్పెన్సేషన్, అంటే చర్చి ఇచ్చే మినహాయింపు తెచ్చుకోవాలి. పెద్ద ఇళ్ళోళ్ళు ఆస్తి బయటికి పోకుండా కజిన్స్‌ని చేసుకోవడం ఎక్కువే, కాబట్టి ఈ అర్జీలూ ఎక్కువే, చాలా ఫైళ్ళల్లో ఇద్దరూ ఎట్లా చుట్టాలో చెట్టు గీసి మరీ ఉంటుంది. మీ పని వాళ్ళే చేసి పెట్టినట్టు.

అన్నిటికంటే నమ్మకమైనవి డబ్బు కాగితాలు. చర్చి పుస్తకం చుట్టరికం ఉందని చెప్తుంది, అది బతికి ఉందా చచ్చిందా చెప్పదు. నోటరీ దగ్గర రాసిన కట్నం పత్రం, కార్తా దె దోతె, దాంట్లో నగలు, బానిసలు, వెండి గిన్నెలు, ఇల్లు, రొక్కం ఒక్కొక్కటీ రేటు కట్టి రాసి ఉంటుంది, చివర భర్త "అందినాయి" అని సంతకం పెడతాడు. ఎంత అన్నది చూడండి, ఎప్పటికి ఇస్తామన్నారో అది కూడా చూడండి. సగం ఇచ్చి సగం వాయిదా వేసిన కట్నం అంటే అల్లుడు మామకి కట్టుబడి ఉన్నాడని, మనకి తెలీని సంగతా ఇది. తర్వాత జామీన్లు, ఉద్యోగంలో చేరేటప్పుడు జడ్జికి ఎవరు పూచీ పడినారు, ఓడ ఖర్చుకి ఎవరు అప్పిచ్చినారు. స్పెయిన్ నుంచి అప్పు చేసి వచ్చి, జీతం సరిపోక, వచ్చిన కొత్తల్లోనే ఏ వర్తకుడి దగ్గరో చెయ్యి చాచినోడు పెళ్ళి కాకముందే చుట్టమైపోయినాడు. ఆఖర్న వీలునామాలు. చచ్చేటప్పుడు మనిషి ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నాడో రాస్తాడు, కన్వెంట్‌లో నన్‌గా చేరిన కూతురికి ఎంత కట్టినాడో, వీలునామా అమలు చూసే బాధ్యత ఎవరికి అప్పజెప్పినాడో కూడా రాస్తాడు. ఆ అప్పజెప్పిన మనిషి పేరు కింద ఎర్ర గీత గీసుకోండి.

ఇవన్నీ యాడ దొరుకుతాయి అంటారా. సెవిల్లాలో 1785లో మొదలైన ఇండీస్ ఆర్కైవ్‌లో కోర్టు వారీగా కట్టలు ఉన్నాయి, దాంట్లో కొంత భాగం పారెస్ అనే స్పెయిన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఫ్రీగా చూడొచ్చు. చర్చి పుస్తకాలు చాలా వరకు ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్నాయి, అకౌంట్ ఫ్రీనే. నోటరీ కట్టలు మాత్రం ఎక్కువగా లీమా, మెక్సికో జాతీయ ఆర్కైవ్‌ల్లోనే, తిరుపతిలో కూర్చొని అవి మొత్తం చూడలేము, కాబట్టి డిసర్టేషన్ స్థాయికి లైసెన్సులూ జ్ఞానస్నానాలూ సర్వీస్ వివరాలూ పెట్టుకోండి, కట్నాల్ని అచ్చయిన పరిశోధనల నుంచి తీసుకోండి. ఇంకొక్క మాట, మొదటిసారే 1590ల చేతిరాత తెరవొద్దు, అక్షరాలన్నీ గొలుసుగా కలిపి రాస్తారు, నిరాశ పడి మానేస్తారు. 1760ల నుంచి మొదలుపెట్టి వెనక్కి పోండి.

ట్రాన్స్‌ఫర్లు కూడా మ్యాప్ మీద గీయండి. మనీలా నుంచి మెక్సికోకి, కీటో, చార్కాస్ లాంటి కోర్టుల నుంచి లీమాకి, అదృష్టం ఉంటే స్పెయిన్‌లో ఇండీస్ కౌన్సిల్‌కి, ఇది వాళ్ళ ప్రమోషన్ మెట్లు. కీటోలో పెళ్ళి చేసుకొని లీమాకి పోయినోడికి చట్టం ప్రకారం లీమాలో చుట్టాలు లేరు, కానీ కీటో అత్తగారింటి కేసు అప్పీలుకో, వైస్రాయ్ దగ్గర అర్జీకో లీమాకి వచ్చిందనుకోండి, ఏమవుతుంది? దూరం పోయినంత మాత్రాన చుట్టరికం తెగదు. ట్రాన్స్‌ఫర్ వద్దని ఎవరు రాసినారో కూడా చూడండి, ప్రమోషన్ వచ్చినా కదలను అన్నోడి భార్య ఆస్తి యాడుందో వెతికితే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

రాజు వైపు వాదన తెలుసుకున్నారు గదా, అవతలి వాదన కూడా చదవాల్సిందే. 1771లో మెక్సికో నగర కౌన్సిల్ మూడో చార్లెస్ రాజుకి ఒక పెద్ద అర్జీ పంపింది, పై పోస్టులన్నీ స్పెయిన్ నుంచి వచ్చినోళ్ళకే ఇస్తున్నారు, వచ్చేవాడికి ఈ దేశం తెలీదు, ఈ జనం తెలీదు, మాకు ఇవ్వండి అని. అది స్వార్థమే కావచ్చు, కానీ అబద్ధం కాదు. గాల్వెస్ మెక్సికోలో విసిత, అంటే రాజు తరఫున తనిఖీ చేస్తున్న రోజుల్లో, 1769లో, ఫ్రాన్సిస్కో హావియేర్ దె గాంబోవా అనే జడ్జిని స్పెయిన్‌కి పంపించేసినారు. గ్వాదలహారాలో పుట్టి, వర్తకుల సంఘానికి లాయర్‌గా చేసి, గనుల చట్టం మీద ఆ కాలంలో అందరికంటే బాగా రాసినాయన. తర్వాత సాంటో డొమింగోకి పంపినారు, ఆఖరికి 1788లో మెక్సికో కోర్టుకే రీజెంట్‌గా తిరిగొచ్చి 1794లో చనిపోయినాడు. ఆయన లోకల్ సంబంధాలే ఆయన బలం, ఆయన తెలివికి మూలం, ఆయన మీద అనుమానం కూడా. ఈ మూడిట్లో ఒక్కటే రాసి మిగతా రెండూ వదిలేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టు, అది నాకు మనసుకి పట్టదు.

అందుకే చెప్తా ఉన్నా, చుట్టరికం దొరికింది కాబట్టి తీర్పు అమ్ముడుపోయింది అని రాయొద్దు. 1755లో లీమా ఓయిదోర్ పెద్రో హోసె బ్రావో దె లాగూనాస్ లోకల్ గోధుమకే ముందు అమ్మకం ఇయ్యాలని వాదించినాడు. 1687 భూకంపం తర్వాత లీమా చుట్టుపక్కల గోధుమ పడిపోయి చిలీ నుంచి ఓడల్లో వచ్చేది, చిలీ గోధుమ తెచ్చే ఓడల ఓనర్లు ఒక పక్క, లీమా లోయల్లో పండించే పెద్ద రైతులు ఒక పక్క. ఆయన లీమాలో పుట్టినోడు. ఇంతవరకు చూసి "ఇంకేముంది, చుట్టాల కోసం" అంటారు పిల్లలు. ఆగండి. ముందు ఆ రైతుల పేర్ల లిస్టు తయారు చెయ్యండి, ఆయన చుట్టాల లిస్టు వేరే తయారు చెయ్యండి, రెండూ పక్కన పెట్టి ఎన్ని కలిసినాయో చూడండి, ఓడల ఓనర్లలో కూడా ఎంతమంది చుట్టాలున్నారో అదే శ్రద్ధతో చూడండి. చిన్న ఊర్లో పెద్ద ఇళ్ళన్నీ ఒకరికొకరు చుట్టాలే, కాబట్టి రెండు పక్కలా చుట్టాలుంటే తీర్పుకి చుట్టరికమే కారణమని చెప్పలేము.

కేసుల్లో నేరుగా సాక్ష్యం కావాలంటే రెకుసాసియోన్ అర్జీలు వెతకండి. ఫలానా జడ్జి మా అవతలి పార్టీకి బంధువు, ఈ కేసు వినకూడదు అని పార్టీలే వేసే అర్జీ, కారణం రుజువు కాకపోతే జరిమానా కట్టాలి, కాబట్టి ఊరికే వెయ్యరు, ఎవరు ఎవరికి ఏమవుతారో వరసలతో సహా రాస్తారు. దాంతో పాటు రెసిదెన్సియా, అంటే పదవి దిగినాక జరిగే విచారణ, ఇంకా మధ్యలో హఠాత్తుగా దిగే విసిత. కీటో కోర్టుకి 1615 నుంచి 1636లో చనిపోయేదాకా ప్రెసిడెంట్‌గా ఉన్న అంతోనియో దె మోర్గా మీద 1620ల్లో పెద్ద విసిత జరిగింది, ఇంట్లో జూదం ఆడించడం దగ్గర్నుంచి ఎన్నో ఆరోపణలు. చదవడానికి చాలా బాగుంటాయి ఈ ఫైళ్ళు, అదే ప్రమాదం. సాక్షుల్లో సగం మంది శత్రువులు, మిగతా సగం మంది కంపాద్రెలు, ప్రతి సాక్షికీ ఒక కార్డు పెట్టకుండా వాళ్ళ మాట కోట్ చెయ్యొద్దు.

పోర్చుగల్ వాళ్ళ బ్రెజిల్ తీసుకుంటే ఇదే పద్ధతి పనిచేస్తుంది, పేర్లు మారతాయి. బాయియా హైకోర్టు 1609లో పెట్టినారు, 1626లో ఎత్తేసినారు, 1652లో మళ్ళీ పెట్టినారు. జడ్జీలు చక్కెర ఎస్టేటు ఇళ్ళల్లో అల్లుళ్ళయినారు, తామూ చెరకు భూములు పెట్టినారు. అక్కడ అదనంగా చూడాల్సింది మిసెరికోర్దియా అనే ధర్మ సంఘం సభ్యుల లిస్టు, ఎందుకంటే జడ్జీ ఎస్టేటు ఓనరూ పక్కపక్కన కూర్చునేది అక్కడే, ఎస్టేట్లకి అప్పులిచ్చేదీ ఆ సంఘమే.

ఇంక చాలామంది అడిగేది, సార్ ఇదే పద్ధతి మన చిత్తూరుకి పెట్టొచ్చా అని. పెట్టొచ్చు, కానీ అచ్చు అట్లనే కాదు. 1801లో కర్నాటక నవాబు నుంచి ఈ సీమ కంపెనీ చేతికి వచ్చింది, 1802 రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు, వాటి మీద నాలుగు ప్రొవిన్షియల్ అప్పీలు కోర్టులు వచ్చినాయి, మధ్య డివిజన్ అప్పీలు కోర్టు మన చిత్తూరులోనే ఉండేది, 1843లో ఆ కోర్టులు ఎత్తేసినారు. దొర జడ్జి కార్వేటినగరం రాజు గారింటికో పుంగనూరు జమీందారు ఇంటికో అల్లుడు కాలేదు, వాళ్ళ పెళ్ళిళ్ళు ఎక్కువగా కంపెనీ కుటుంబాల మధ్యనే. కాబట్టి దొర భార్య పుట్టిల్లు వెతికితే మద్రాసులోనో లండన్‌లోనో తేలుతుంది, కాళహస్తి కేసుకి పనికిరాదు. ఇక్కడ వేరు దిగింది జడ్జి కింద కూర్చున్న శిరస్తాదారు, అంటే కోర్టు కాగితాలు చూసే పెద్ద గుమాస్తా, ఇంకా మున్షీ, పండితుడు, వకీలు. 1816 రెగ్యులేషన్ల తర్వాత అయితే జిల్లా మునసబులు, ఊర్లల్లో గ్రామ మునసబులు మనోళ్ళే. దొరకి తెలుగు కాగితం చదివి వినిపించేవాడు ఏది ముందు చదివినాడు, ఏది తర్వాత చదివినాడు అన్నదే కొన్నిసార్లు కేసు. మద్రాసులో 1801లో మొదలైన సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి మన తిరుపతి మీదుగానే పోయినాడు, కోర్టులో మాట మార్చి చెప్పే ఉద్యోగానికి ఎంత పరపతి ఉండేదో ఆయన ప్రయాణం ఏర్పాట్లు చూస్తే అర్థమవుతుంది.

కాబట్టి చిత్తూరు పని చెయ్యాలనుకునేవాళ్ళు కార్డు జడ్జికి కాదు, శిరస్తాదారుకి పెట్టండి. 1911 దాకా మనది ఉత్తర ఆర్కాటు జిల్లా, అందుకని పాత కాగితాలు ఎక్కువగా చెన్నై ఎగ్మూర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, పొద్దున రైలుకి పోతే సాయంత్రానికి తిరిగి రావొచ్చు గానీ కనీసం నాలుగు రోజులు పెట్టుకోండి, మొదటి రోజు మొత్తం పర్మిషన్ లెటరూ ఇండెక్సూ తోనే అయిపోతుంది. గైడ్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఆధార్ జిరాక్స్, పెన్సిల్, అట్టముక్కలు తీసుకుపోండి. తిరిగొచ్చినాక ఆ శిరస్తాదారు ఊరికి పోయి, ఆ ఇంటి ఆడపడుచుల్ని ఏ ఊర్లకి ఇచ్చినారో అక్కడి ముసలోళ్ళని అడగండి, ఎంత చెప్తారో రాసుకొని, పక్కనే ఎవరు చెప్పినారో, వాళ్ళు ఆ ఇంటికి ఏమవుతారో కూడా రాసుకోండి.